కాలువగట్టున గాలపుకఱ్ఱ

వినోదములలో కొన్ని ధనమును గోరును. కొన్ని దేహబలమును గోరును. గాలము వేయుట యీ రెంటిని గోరక ఓర్పును మాత్రమే కోరును. ఒక సన్నని వెదురుకఱ్ఱ, రెండు బారల దారము, గోరంత కొక్కెము, పెరటిలో త్రవ్వి తీసిన నాలుగు వానపాములు ఉన్నచో బీదవాని కుమారుడును ధనవంతుని కుమారుడును ఒకే గట్టుపై సరిసమానులై కూర్చుండవచ్చును. అయినను మనవారిలో గాలపుకఱ్ఱ పట్టినవానిని సోమరి యని యెంచుట పరిపాటి. వల వేయువాడు కష్టజీవి, గాలము వేయువాడు పనిలేనివాడు అని లోకము తలచును. నాలుగు సువార్తలలోను శిష్యుల వలలు పెక్కుసారులు కనబడును గాని, గాలము ప్రస్తావన మత్తయి సువార్త 17వ అధ్యాయమున ఒక్కచోట మాత్రమే కలదు. అచ్చటను అది కాలక్షేపమునకు గాక పన్ను చెల్లించుటకు వేసిన గాలము. అందుచేత గాలమును తేలికగా చూడవలసిన పని లేదని మా యభిప్రాయము.

మేము మూడు సంవత్సరములుగా శనివారము మధ్యాహ్నములందు ఎనిమిదవ తరగతి బాలురను పదిమందికి మించకుండ వెంటబెట్టుకొని కాలువగట్టునకు బోవుచున్నాము. గత సంవత్సరము తలిదండ్రుల సభలో ఒక తండ్రిగారు లేచి, "చేపలు పట్టుట యే పాఠ్యప్రణాళికలో నున్నదండీ?" అని యడిగిరి. ప్రశ్న న్యాయమైనది. కాలువ మనకు ప్రాణాధారమే గాని, అజాగ్రత్తగా మెలగువారికి అది ప్రాణాపాయకరము గూడ. ఈ యలవాటును కొనసాగింపవలెనా, మానవలెనా యను సంగతి వచ్చు జూను మాసమున నిర్ణయింపబడనున్నది. కావున సభలో రెండు మాటలలో చెప్పిన దానిని ఇచ్చట కొంత విపులముగా వ్రాయుచున్నాము. చదివినవారు తమకు తోచినట్లు తీర్పు చెప్పుదురు గాక.

ముందుగా నీటిని గూర్చి చెప్పవలెను. మా పాఠశాల ప్రహరీ వెనుక పాఱు కాలువ గోదావరి పశ్చిమ డెల్టాలోనిది. కాటను దొరగారి పూనికతో ధవళేశ్వరము నొద్ద ఆనకట్ట పని 1847లో మొదలై 1852లో ముగిసెను. ఆ పాత కట్టడమునకు బదులుగా నిర్మించిన బారేజి 1982లో పూర్తియయ్యెను. తూర్పు డెల్టా కాలువ ధవళేశ్వరము నొద్దను, మధ్య డెల్టా కాలువ బొబ్బర్లంక నొద్దను, మన పశ్చిమ డెల్టా కాలువ విజ్జేశ్వరము నొద్దను బయలుదేఱును. వేసవిలో మరమ్మతులకై కాలువలు కట్టివేయుదురు. అప్పుడు అడుగున మిగిలిన మడుగులలో చేపలు గుమిగూడును. మరల జూనులో నీరు వదలగానే ఆ చేపలు పిల్లకాలువలకు, బోదెలకు, అచ్చటినుండి వరిచేలకు నెక్కును. మనము నిలుచున్న గట్టు క్రింద పాఱు నీరు నాసిక సమీపమున పుట్టిన నది నీరని భూగోళపాఠమున ఎన్నిమారులు చెప్పినను బాలురకు పట్టదు. ఆ నీటిలో బెండు ఊగుచుండగా చెప్పినచో ఒక్కమారే పట్టును.

ఇక పరికరములు. కఱ్ఱకు ఎండిన సన్నవెదురు చాలును. కొన చేతిలో వంగవలెను గాని విఱుగరాదు. పూర్వము నూలుదారమునకు జిగురు పట్టించి వాడెడివారు. ఇప్పుడు నైలాను దారము పల్లెటూరి కొట్టులో సైతము దొరకును. బెండు జీలుగుతో చేసినది మేలు. మనవైపు జీలుగు పుష్కలము. చాకుతో చెక్కి, మధ్య రంధ్రము చేసి, దారమునకు గ్రుచ్చుటయే పని. బెండు క్రింద జొన్నగింజంత సీసపుగుండు, దాని క్రింద జానెడు దూరమున కొక్కెము. కొక్కెములకు అంకెలుండును. అంకె పెద్దదైనకొలది కొక్కెము చిన్నదగునని క్రొత్తవారెఱుగరు. పరిగె వంటి చిన్నచేపకు 14వ నంబరు, గొరకకు, జెల్లకు 10వ నంబరు తగినవి. ఇంతకు మించి పెద్దది కొనుట కొట్టువానికి లాభము, చేపకు లాభము, మనకు మాత్రము నష్టము.

ఎఱ విషయమున వానపామును మించినది లేదు. మనవైపు దీనినే ఎఱ్ఱ యందురు. పశువులపాక వెనుక పాతపెంటలోను, అరటిపాదులోను, నూతిచప్టా నీరు పాఱు చోటను గునపముతో ఒక్క పెళ్ల తిప్పినచో కావలసినన్ని కనబడును. వానిని కొబ్బరిచిప్పలో తడిమన్నుతో నుంచి, పైన అరటియాకు కప్పి, నీడలో పెట్టవలెను. వానపాము చర్మముతో ఊపిరి పీల్చును గనుక చర్మము ఎండెనా చచ్చును. నీట ముంచి యుంచుటయు తగదు. చచ్చిన ఎఱను చేప తఱచుగా విడిచిపెట్టును.

ఈ యల్పప్రాణిని గూర్చి చార్లెస్ డార్విను పండితుడు తన మరణమునకు ఒక యేడు ముందు, అనగా 1881లో, ఒక గ్రంథమే ప్రకటించెను. వానపాములు మన్ను మ్రింగి వెలుపలికి వదలుటచే నేల పైపొర యెట్లు నిత్యము క్రొత్తదగుచుండునో అందు వివరించెను. ఆయన వానపాములున్న కుండలను పియానో దగ్గఱ నుంచి వాయింపగా అవి చలింపలేదట. ఆ కుండలనే పియానోపై పెట్టి వాయింపగా వెంటనే బొరియలలోనికి దూఱెనట. అనగా వానికి శబ్దము వినబడదు గాని అదురు తెలియును. చేపకు చెవి వెలుపల కనబడకున్నను లోపల నున్నది. అదిగాక దాని ప్రక్కల వెంట పార్శ్వరేఖ యను నింద్రియము కలదు. నీటిలోని కదలికను అది దానివలన తెలిసికొనును. కావున గట్టుపై దబదబ నడచుట చేపకు మనము పంపు హెచ్చరికయే. ఈ సంగతి చెప్పిన పిమ్మట మా బాలురు తమంత తామే చెప్పులు విడిచి మెల్లగా నడువసాగిరి. తరగతిలో నిశ్శబ్దముగా నుండుడని ఎన్నిమార్లు చెప్పినను రాని నెమ్మది గట్టుమీద వచ్చెను.

ఎఱ గ్రుచ్చుటలో ఒక మర్మమున్నది. ఈ వ్యాసమంతయు ఆ మర్మమును చుట్టుకొనియే యున్నది. దానిని మాకు నేర్పినవాడు ఒక విద్యార్థి. ఎనిమిదవ తరగతిలో వెనుకబల్లమీద కూర్చుండు బాలుడతడు. ఇల్లు కాలువగట్టున పూరిపాక. తండ్రి చేపలచెఱువులపై కూలిపని చేయును. ఆ బాలునికి తెలుగు వాచకము చదువుట మిక్కిలి కష్టముగా నుండెను. ఒక్కొక్క యక్షరమును కూడబలుకుకొని పంక్తి చివరకు వచ్చుసరికి మొదటి మాట మఱచెడివాడు. తోటివారు నవ్వెడివారు, అతడు తల వంచుకొనెడివాడు.

మొదటి శనివారమున తక్కినవారందఱు నిండు వానపామును కొక్కెమునకు చుట్టి నీట వేసిరి. బెండ్లు వణకెను, మునిగెను, తేలెను; పైకి తీయగా ఎఱ లేదు, చేప లేదు. ఈ బాలుడు మాత్రము వానపామును అఱంగుళము ముక్కలుగా త్రుంచి, ఒక ముక్కను కొక్కెపు మొనకు గ్రుచ్చి, చివర కొంచెము ఆడుచుండునట్లు విడిచి, గుఱ్ఱపుడెక్క నీడ ప్రక్కకు మెల్లగా దించెను. అరగంటలో అతని డబ్బాలో పదమూడు పరిగెలు పడెను. "ఇంత చిన్న ముక్క యేలరా నాయనా?" అని యడిగితిమి. అతడు నీటిమీదనుండి చూపు త్రిప్పక, "నోరెంతుంటే ఎర అంతే ఉండాలండి మాస్టారూ. మనకి బాగుందని పెద్దది గుచ్చితే దాని నోట్లో పట్టద్దాండీ? చుట్టూ కొరుక్కుని పోద్దండి" అని చెప్పెను.

శిక్షణ కళాశాలలో మాకు బోధనాశాస్త్రము నేర్పిన పెద్దలు, తెలిసిన దానినుండి తెలియని దానికి పిల్లవానిని నడిపింపవలెనని పలుమార్లు చెప్పియుండిరి. ఆ సూత్రమును మేము పరీక్షాపత్రములలో వ్రాసి మార్కులు సంపాదించితిమి. పదునెనిమిది సంవత్సరములు తరగతిగదిలో పాటించుచునే వచ్చితిమి. దానిని అఱంగుళపు వానపాము ముక్కలో పెట్టి చూపినవాడు ఈ బాలుడు. ఆ తరువాతి తెలుగు పాఠమున ఒక క్రొత్త పని చేసితిమి. అతనిని బల్లయొద్దకు పిలిచి, పరిగెను పట్టు విధము చెప్పుమంటిమి. అతడు చెప్పిన మాటలను, ఒక్కటియు దిద్దక, నల్లబల్లపై ఆఱు పంక్తులుగా వ్రాసితిమి. పిమ్మట వానిని చదువుమంటిమి. తన మాటలే గనుక ముందు ఏమి రాబోవునో అతనికి తెలియును. వ్రేలు పెట్టి, మొదటి పంక్తి తడవుకొనుచు, రెండవది కొంత మేలుగా, ఆఱవ పంక్తి తడబడకుండ చదివెను. తరగతిలో ఎవ్వరును నవ్వలేదు. నవ్వుటకేమి, ఆ ఆఱు పంక్తులను తమ పుస్తకములలో ఎక్కించుకొనిరి. రాబోవు శనివారమున వారికి కావలసిన విద్య యదియే గదా!

నాటినుండి వారమున కొక చేప చొప్పున అతడు చెప్పుట, మేము వ్రాయుట, అతడు చదువుట జరిగెను. నెల గడచిన పిమ్మట వ్రాయుటయు అతనికే యప్పగించితిమి. ఆ విధముగా తయారైన నోటుపుస్తకములోని సంగతులను కొన్ని, పాఠకులకు ఉపయోగించునని, మా భాషలో నిచ్చుచున్నాము.

పరిగె వెండివన్నె గల చిన్నచేప. గుంపుగా తిరుగును, ఎఱను మ్రింగక కొఱికి చూచును. బెండు చలిలో నున్నవానివలె వణకినచో పరిగె యని తెలియవలెను. గొరక ధైర్యశాలి. బెండును తిన్నగా క్రిందికి లాగుకొని పోవును. దాని చెంపరేకుల యంచున ఱంపపు పండ్లవంటి ముండ్లుండును. జెల్లకు మీసములు కలవు; ఆ మీసములతో రుచి చూచి బురదనీటిలోను చీకటిలోను ఎఱను కనిపెట్టును. ప్రొద్దు గ్రుంకువేళ దానికి అనువైన సమయము. ఎఱ అడుగున నుండవలెను. మట్టగిడస రెల్లుదుబ్బుల మొదట పొంచియుండి ఒక్కదుముకున వచ్చును. బొమ్మిడాయి పామువలె పొడవైనది. దాని వీపున వరుసగా ముండ్లుండును. బురదలో దాగి మూతి మాత్రము వెలుపల పెట్టును. ఇంగిలాయిని గూర్చి ఆ బాలుడు ఒకే వాక్యము వ్రాసెను: "ఇది పడితే చేత్తో ముట్టుకోకూడదు, దారం తెంపేయాలి."

ఈ చేపలలో గొరక, మట్టగిడస, ఇంగిలాయి గాలిని గూడ పీల్చగలవు. నీటిలో కరగియున్న ప్రాణవాయువు చాలనప్పుడు అవి పైకి వచ్చి గ్రుక్కెడు గాలి మ్రింగి క్రిందికి పోవును. అందుచేతనే తడిగుడ్డలో చుట్టిన గొరక గంటలకొలది బ్రదికియుండును. వానరాత్రులందు ఒక మడుగునుండి మఱియొక మడుగునకు తడినేలమీద దేకుచు పోవును. వెచ్చని నీటిలో ప్రాణవాయువు తక్కువగా కరగుటయే దీనికి మూలము. 10 డిగ్రీల సెంటీగ్రేడు చల్లదనము గల మంచినీటిలో లీటరునకు దాదాపు 11 మిల్లీగ్రాముల ప్రాణవాయువు కరగగలదు. 30 డిగ్రీల నీటిలో దాదాపు ఏడున్నర మాత్రమే. మన కాలువ యీ రెండవ తెగలోనిది. మొదటి తెగ నీటిలో జీవించునది ట్రౌటు అను చేప. ఆంగ్లేయులు దానిని వెలుపలి దేశములనుండి తెచ్చి కాశ్మీరపు సెలయేళ్లలోను, నీలగిరులలోను పెంచిరి. చల్లగా, తేటగా పాఱు నీటిలోగాని అది బ్రదుకజాలదు. ట్రౌటును మన కాలువలో విడిచినచో వేసవి రాకమునుపే చచ్చును. మన గొరకకు మాత్రము ఈ వెచ్చని నీరే చాలును. నీరు మాఱినచో నేర్పు మాఱవలెను. అయినను ఆ దూరదేశములలో సైతము ట్రౌటుకు చిన్న వానపామే గొప్ప ఎఱ. 1653లో ఐజాక్ వాల్టన్ అను లండను వర్తకుడు గాలపువిద్యను గూర్చి ప్రకటించిన "ది కంప్లీట్ యాంగ్లర్" అను ప్రఖ్యాతగ్రంథములో వానపాముల రకములను గూర్చియు, వానిని నాచులో నుంచి శుభ్రపఱచుటను గూర్చియు చెప్పబడినది. ఆయన గ్రంథమును ఆ బాలుడు చదువలేదు. అయినను ఇద్దఱును ఎఱపాములను ఎంత శ్రద్ధతో చూతురో గమనించినచో వారికి చుట్టఱికమున్నట్లు తోచును.

ఇక నసలు సంగతి. డిసెంబరు మాసమున ఒకనాటి సాయంకాలము ఆ బాలుని తండ్రి పాఠశాలకు వచ్చెను. వాకిట నిలుచుండి, "ఈడికి అక్షరం ముక్క రాటం లేదండి మాస్టారూ. చెరువుమీద మేతేసే పనికి పెడితే నాలుగు రాళ్లొత్తాయండి. పేరు కొట్టేయండి" అనెను. ఆ మాట కోపముతో పలికినది కాదు. ఇంటిలో నలుగురు బిడ్డలున్న మనుష్యుడు లెక్క చూచుకొని పలికిన మాట. చట్టము పేరు చెప్పి యతనిని భయపెట్టుటకు మాకు మనసొప్పలేదు. ఆ బాలుని పిలిచి, నోటుపుస్తకము తెచ్చి జెల్ల పుట చదువుమంటిమి. అతడు అరుగుమీద కూర్చుండి చదివెను. కొన్నిచోట్ల ఆగెను, ఎక్కడను విడిచిపెట్టలేదు. తండ్రి మొదట మావైపు చూచెను, పిమ్మట కొడుకువైపు చూచెను, ఆ మీదట పుస్తకమువైపు వంగెను. పుట ముగియగానే, "అదొకటి తప్పురా. జెల్ల తెల్లారగట్ల కూడా పడద్ది. అదీ రాయి" అనెను. బాలుడు కలము తీసి యక్కడనే ఆ వాక్యము చేర్చెను. తనకు తెలిసిన సంగతి తన కన్నులయెదుట అక్షరములగుట ఆ తండ్రి చూచుట అదియే మొదటిసారి. కొంతసేపు ఊరకుండి, "ఈ ఏటికి కానీండి" అని వెడలిపోయెను. పేరు కొట్టివేయలేదు. ఆ బాలుడిప్పుడు తొమ్మిదవ తరగతిలో నున్నాడు. వాచకము ఇంకను నెమ్మదిగానే చదువును; పద్యముల కడ తడబడును. కాని తల వంచుకొనుట మానెను.

పాఠ్యప్రణాళికలో చేపలు పట్టుట లేదు, నిజమే. చదువుట, వ్రాయుట, చూచినది చూచినట్లు చెప్పుట ఉన్నవి. వానికి తగిన ఎఱ పెక్కుచోట్ల దొరకును. మాకు గట్టుమీద దొరకెను. నేర్పుగల ఉపాధ్యాయునకు మగ్గముకడనో, కొలిమికడనో, వంటయింటనో దొరకవచ్చును. పిల్లవాని నోరెంతయో చూడక మన తృప్తికై పెద్దముద్ద పెట్టినచో అతడు చుట్టును కొఱికి పోవును.

తలిదండ్రులకు గల భయమును మేము చిన్నచూపు చూచుట లేదు. అందుచేత మా నియమములను ఇచ్చట వ్రాయుచున్నాము. ఈదరాని బాలుడు రేవుమెట్ల దిగువకు పోరాదు. గట్టునకు మూడడుగుల దూరమున కూర్చుండియే కఱ్ఱ చాపవలెను. కాలువకు నీరు క్రొత్తగా వదలిన దినములలో గట్టునకు పోనే పోము. ఎవరైనను జాఱిపడినచో రెండవవాడు వెంట దుముకరాదు. వెదురుకఱ్ఱనో త్రాటినో అందింపవలెను. ఆ త్రాడు ఎల్లప్పుడు మా యొద్ద నుండును. విద్యుత్తీగల క్రింద కఱ్ఱ ఎత్తరాదు. ఉఱుము వినబడగానే పాఠశాలకు మరలవలెను. ఇంగిలాయి గాని జెల్ల గాని ముల్లు గ్రుచ్చినచో, ఓర్చుకొనదగినంత వేడినీటిలో ఆ చేతిని ఉంచినచో నొప్పి తగ్గును. వాపు హెచ్చినను, ముల్లు లోపల విఱిగినను వైద్యునియొద్దకు పోవలెను. అన్నిటికంటె ముఖ్యమైనది ఒకటి. రెండు చేతులకు పనియున్నదని పట్టిన చేపను పండ్లతో కఱచి పట్టుకొను అలవాటు కొందఱికి కలదు. గొరక ఒక్కమారు జాఱి గొంతులోనికి పోయెనా, చెంపముండ్లు విచ్చుకొని వెనుకకు రాదు. ఊపిరాడక మనుష్యులు మరణించుట జరిగియున్నది. మా బాలురలో నెవ్వడును ఈ పని చేయరాదు. మీ యిండ్లలోను చేయనీయకుడు.

జాలి విషయమునను కొన్ని నియమములున్నవి. వానలు మొదలైనప్పుడు గ్రుడ్లతో నిండిన చేప దొరకినచో నీటిలో విడువవలెను. మట్టగిడస తన పిల్లలగుంపును కాచుచు తిరుగును. నీటిపై పిల్లలు ముసరుచున్నచోట గాలము వేయరాదు. తల్లిదండ్రులను పట్టినచో పిల్లలు ఇతరచేపలకు ఆహారమగును. ఇంటికి కూరకు కావలసినన్ని పట్టవలెను. పట్టిన చేపను గట్టుమీద ఎండకు విడువరాదు. ఈ చివరి నియమము ఆ బాలుని వలన ఏర్పడినది. తోటివారు ఆటగా పట్టి పాఱవేసిన పరిగెలను అతడు మాటాడక ఏఱి, బ్రదికినవానిని నీట విడిచి, చచ్చినవానిని డబ్బాలో వేసికొనెడివాడు. వారికి ఆటయైనది అతనింటిలో ఆ రాత్రి కూర. దానిని చూచిన పిమ్మట ఎవ్వరును పరిగెను పాఱవేయలేదు. తెగిన నైలాను దారమును గట్టున విడువరాదు. కొంగల కాళ్లకును, లకుముకిపిట్టల ఱెక్కలకును అది ఉరి యగును. దాని తునకలను ఏఱి ఇంటికి తేవలెను. తిలాపియా దొరకినచో మాత్రము నీట విడువ నక్కఱలేదు. 1952లో మనదేశమునకు తెచ్చిన ఆ చేప చెఱువులలో విపరీతముగా పెరిగి, మన చేపల మేతకును చోటుకును పోటీ యైనది.

ఆ నోటుపుస్తకమును పాఠశాల గ్రంథాలయమున తెలుగు పుస్తకముల బీరువాలో నుంచితిమి. పదునొకండు చేపలను గూర్చి అందు వ్రాయబడియున్నది. ఇంకను ఇరువది పుటలు ఖాళీగా నున్నవి. వాలుగను గూర్చి గాని, మార్పును గూర్చి గాని, వేసవిమడుగులను గూర్చి గాని తెలిసిన బాలబాలికలు తమ మాటలలో వ్రాయవచ్చును. వ్రాయుట రానివారు వచ్చి చెప్పినచో మేము వ్రాసెదము. తలిదండ్రులలో, తాతలలో తెలిసినవారున్నచో వారిని గూడ వెంటబెట్టుకొని రండు. సోమవారము మొదలు శుక్రవారము వఱకు సాయంకాలము నాలుగున్నర గంటలకు మేము గ్రంథాలయముననే యుందుము.